కరిగిన ఎముకను మళ్లీ నిలబెట్టగలమా?

దువ్వాడ నుంచి ఒక సోదరి మా శీర్షికకు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. ఆమె భర్త వయస్సు 48 ఏళ్లు. షిఫ్టుల ఉద్యోగం. ఆరేళ్లుగా మధుమేహం ఉంది. కింది దవడలో రెండు పళ్లు కదులుతున్నాయి. ఎక్స్‌రే తీసిన దంతవైద్యుడు, చిగుళ్ల జబ్బు వల్ల పళ్ల చుట్టూ ఉన్న ఎముక కరిగిపోయిందనీ, చిగురు తెరచి శుభ్రం చేసి, ఎముక పొడి నింపి, పైన పలుచని పొర కప్పి కుట్లు వేయవలసి ఉంటుందనీ చెప్పారట. ఇంట్లోని పెద్దలు మాత్రం, కదిలే పన్ను ఎప్పటికైనా ఊడేదే కదా, పీకించేస్తే పీడ వదులుతుందని అంటున్నారట.

సోదరి మూడు ప్రశ్నలు అడిగారు. పోయిన ఎముక నిజంగా తిరిగి పెరుగుతుందా? పన్ను పీకించుకోవడం కన్నా ఈ శస్త్రచికిత్స మేలైనదా? దవడలో నింపే ఆ పొడి, కప్పే ఆ పొర దేనితో తయారవుతాయి, వాటిని మనం స్వీకరించవచ్చా? మూడవ ప్రశ్నను డాక్టరు ఎదుట అడగడానికి చాలామంది మొహమాటపడతారు. ఆ మొహమాటం అక్కరలేదు. అది రోగి అడగదగిన ప్రశ్న, వైద్యుడు జవాబు చెప్పవలసిన ప్రశ్న. మూడింటికీ వరుసగా సమాధానం చెప్పుకుందాం.

వుజూ నీటిలో కనిపించే ఎరుపు

పన్ను ఎముకలో మేకులా దిగగొట్టినట్లు ఉండదు. పంటి వేరుకు, దాని చుట్టూ ఉన్న ఎముకకు మధ్య వేలాది సన్నని నారపోగులు ఉంటాయి. ఒక కొస వేరుపై ఉండే సిమెంటమ్ అనే పలుచని పొరలో, మరో కొస ఎముకలో నాటుకొని, ఊయల తాళ్లలాగా అవి పంటిని పట్టి ఉంచుతాయి. పైన చిగురు ఒక పట్టీలా చుట్టుకొని లోపలికి సూక్ష్మక్రిములు దిగకుండా కాపాడుతుంది. ఆరోగ్యవంతుని చిగురుకు, పంటికి మధ్య ఉండే సందు లోతు 1 నుంచి 3 మిల్లీమీటర్లకు మించదు.

పంటిపై పేరుకున్న పాచిని తొలగించకపోతే అది గట్టిపడి గారగా మారుతుంది. గార మీద కొత్త పాచి పడుతుంది. చిగురు వాచి, తాకితే రక్తం కారుతుంది. ఈ దశలో శుభ్రం చేస్తే చిగురు మునుపటిలా కోలుకుంటుంది. నిర్లక్ష్యం చేస్తే సందు లోతై సంచిలా మారుతుంది. డాక్టర్లు పాకెట్ అనేది దీనినే. ఆ లోతున చేరిన క్రిములతో శరీరం చేసే పోరాటంలో శరీరమే తన ఎముకను తాను కరిగించుకుంటుంది. ఇందులో నొప్పి దాదాపు ఉండదు. అందుకే పన్ను కదిలేదాకా, లేక పళ్ల మధ్య కొత్తగా సందులు ఏర్పడేదాకా మనిషికి తెలియదు.

ఇది అరుదైన వ్యాధి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వెలువరించిన నోటి ఆరోగ్య నివేదిక ప్రకారం తీవ్రమైన చిగుళ్ల వ్యాధి ప్రపంచంలో 100 కోట్ల మందికి పైగా ఉంది.

అయితే మన ఇళ్లలో దీనిని తొలి దశలోనే పసిగట్టే అవకాశం ఇతరుల కన్నా ఎక్కువ. రోజుకు ఐదు పూటలా వుజూలో నోరు పుక్కిలించి ఉమ్మే నీటిలో ఎరుపు జీర కనిపిస్తే అది తొలి హెచ్చరిక. చాలామంది అప్పుడు వుజూ నిలిచిందా లేదా అన్న మసాయిల్ గురించి విచారిస్తారు. విచారించవలసిందే. కానీ రక్తం ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్న కూడా అదే పూట వేసుకోవాలి. వారం రోజులపాటు అదే ఎరుపు కనిపిస్తే దంతవైద్యుని వద్దకు వెళ్లడం ఉత్తమం.

పొగాకు వాడేవారిలో మాత్రం ఈ హెచ్చరిక కూడా అణగిపోతుంది. పొగాకు వల్ల చిగుళ్లలో రక్తస్రావం తగ్గి, జబ్బు లోలోపల ముదురుతున్నా పైకి చిగురు బాగున్నట్లే కనిపిస్తుంది. ఉత్తరాంధ్ర తీరంలో చుట్ట నిప్పు కొసను నోటిలోపల పెట్టుకొని కాల్చే అడ్డపొగ అలవాటు, అంగిలిపై దాని ఘోరమైన ఫలితాలు విశాఖ ఆంధ్ర వైద్య కళాశాల పరిశోధకుల ద్వారా 1970లలోనే ప్రపంచ వైద్యలోకం దృష్టికి వెళ్లాయి. నేడు అడ్డపొగ స్థానంలో రాత్రి డ్యూటీలలో ఖైనీ, గుట్కా, సిగరెట్ వచ్చి చేరాయి. పేరు మారినా చిగురుకు జరిగే కీడు ఆగలేదు.

మధుమేహం విషయం మరొకటి. చక్కెర అదుపు తప్పితే చిగుళ్ల జబ్బు వేగంగా ముదురుతుంది. చిగుళ్ల జబ్బు ముదిరితే చక్కెర అదుపులోకి రావడం కష్టమవుతుంది. చిగుళ్లకు సరైన చికిత్స చేస్తే మూడు, నాలుగు నెలల్లో హెచ్‌బీఏ1సీ సగటున 0.4 శాతం మేర తగ్గుతున్నట్లు అనేక పరిశోధనలను కలిపి చూసిన సమీక్షల్లో తేలింది. కాబట్టి సోదరి తన భర్త పళ్ల కోసం చేసే ప్రయత్నం ఆయన మొత్తం ఆరోగ్యం కోసం చేసే ప్రయత్నం కూడా.

కత్తి కన్నా ముందు శుద్ధి

వెయ్యేళ్ల క్రితం ముస్లిం స్పెయిన్‌లోని ఖుర్తుబా నగరం సమీపాన అబుల్ ఖాసిమ్ అల్ జహ్రావీ అనే మహా శస్త్రవైద్యుడు ఉండేవాడు. ఆయన మరణించింది 1013 ప్రాంతంలో. 'అల్ తస్‌రీఫ్' అనే ఆయన గ్రంథంలోని చివరి భాగం శస్త్రచికిత్సకు సంబంధించినది. అందులో పళ్లపై గారను గీకి తొలగించే పరికరాల బొమ్మలను వరుసగా గీసి చూపాడు. పంటికి లోపలి వైపు ఒక పరికరం, వెలుపలి వైపు మరొకటి, పళ్ల సందుకు ఇంకొకటి. గార వల్లనే చిగురు చెడుతుందనీ, ఒక్క రోజులో శుభ్రం కాకపోతే మరునాడు, ఆ మరునాడు కూడా గీకాలనీ ఆయన గ్రహించాడు. కదిలే పళ్లను బంగారు తీగతో పక్క పళ్లకు కట్టే పద్ధతిని కూడా వర్ణించాడు.

నేటి వైద్యంలోనూ మొదటి మెట్టు అదే. స్కేలింగ్, రూట్ ప్లేనింగ్ పేరుతో చిగురు లోపల వేరు వరకు గారను తొలగించి నునుపు చేస్తారు. ఆ తరువాత ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి పాకెట్ల లోతు మళ్లీ కొలుస్తారు. ఈ ఒక్క పనితోనే చాలా పాకెట్లు తగ్గిపోతాయి. శస్త్రచికిత్స అవసరమే రాని పళ్లు ఎన్నో ఉంటాయి. 5, 6 మిల్లీమీటర్లు, అంతకన్నా లోతు మిగిలిన చోటనే ఆపరేషన్ గురించి ఆలోచిస్తారు. కాబట్టి తొలి రోజు ఎక్స్‌రే చూసి, మరునాడే శస్త్రచికిత్స అంటే కొంచెం ఆగి, మొదటి మెట్టు పూర్తయిందా అని అడగడం మంచిది.

అవసరమైన కొందరికి ఈ దశలో యాంటీబయాటిక్ మందులు కూడా ఇస్తారు. వాటిలో టెట్రాసైక్లిన్ జాతి మందులకు చిగుళ్ల వైద్యంలో ప్రత్యేక స్థానం ఉంది. క్రిములను అణచడమే కాక, నారపోగులను, ఎముకను కరిగించే ఎంజైములను కూడా అవి నిరోధిస్తాయి. ఈ జాతిలో మొట్టమొదటిదైన ఆరియోమైసిన్ 1948లో వెలుగు చూసింది. అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలలో బెంజమిన్ డుగ్గర్ దానిని కనుగొన్నప్పుడు ఆ పరిశోధనలకు సారథ్యం వహించినవాడు భీమవరంలో జన్మించిన మన తెలుగువాడు ఎల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడాది ఆగస్టులో ఆయన కన్నుమూశారు. ఈ మందులను వైద్యుని సలహాతో మాత్రమే వాడాలి. గర్భిణులకు, చిన్నపిల్లలకు ఇవ్వకూడదు.

ఎముక తనంత తాను ఎందుకు రాదు?

ఇక మొదటి ప్రశ్న. చెయ్యి విరిగితే ఎముక అతుక్కుంటుంది. మరి దవడ ఎముక ఎందుకు పెరగదు?

లోపల శుభ్రం చేసిన తరువాత ఆ ఖాళీ స్థలాన్ని ఆక్రమించుకోవడానికి నాలుగు రకాల కణాలు పోటీ పడతాయి. చిగురు పైపొర కణాలు, చిగురు లోపలి కణజాలం, ఎముక కణాలు, పంటిని కట్టి ఉంచే నారపోగుల కణాలు. వీటిలో పైపొర కణాలు అన్నింటికన్నా వేగంగా పాకుతాయి. నిదానంగా వచ్చే ఎముక, నారపోగులు చేరేలోపే అవి వేరు పొడవునా దిగి తలుపు మూసేస్తాయి. గాయం మానినట్లే కనిపిస్తుంది, పోయిన ఎముక మాత్రం తిరిగి రాదు. టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన మెల్చర్ 1976లో ఈ సంగతిని స్పష్టంగా ప్రతిపాదించాడు. వేరుపైకి ముందుగా ఏ కణాలు చేరుతాయో, మానే తీరు వాటిపై ఆధారపడుతుందన్నది దాని సారాంశం.

అలాగైతే వేగంగా వచ్చేవాటిని అడ్డగించి, నిదానంగా వచ్చేవాటికి సమయం ఇస్తే? నీమన్, లిండే, కారింగ్ తదితరులు 1982లో ఈ ఆలోచనను మనిషి పంటిపై పరీక్షించి ప్రచురించారు. ఎముక బాగా కోల్పోయిన ఒక కింది ముందు పంటికి, చిగురుకు మధ్య సన్నని వడపోత పొరను అడ్డుగా ఉంచారు. మూడు నెలల తరువాత పంటిని తీసి సూక్ష్మదర్శినితో చూసినప్పుడు వేరుపై కొత్త సిమెంటమ్, అందులో నాటుకొన్న కొత్త నారపోగులు కనిపించాయి. గైడెడ్ టిష్యూ రీజనరేషన్ అనే చికిత్స అలా మొదలైంది. సోదరి భర్తకు డాక్టరు చెప్పిన 'పొర' ఆనాటి ఆ అడ్డుగోడకు వారసురాలే. ఎముక పొడి ఆ పొర కింద కూలిపోకుండా చోటును నిలిపి ఉంచే ఆసరా. కొన్ని రకాల పొడి కొత్త ఎముకకు పందిరిలా కూడా పనిచేస్తుంది.

కాబట్టి ఎముక పెరుగుతుందా అంటే పెరుగుతుంది. కానీ అన్ని చోట్లా కాదు. మట్టిని నింపేటప్పుడు చుట్టూ గోడలున్న గుంతలో అది నిలుస్తుంది; కోతకు గురై మొత్తం కుంగిన గట్టు మీద పోస్తే జారిపోతుంది. ఎముక నష్టం కూడా ఈ రెండు రకాలే. పంటి పక్కన నిలువుగా, లోతుగా, ఇరుకుగా ఏర్పడిన గుంతకు రెండు మూడు వైపులా ఎముక గోడలు మిగిలి ఉంటే, లోతు కనీసం 3 మిల్లీమీటర్లు ఉంటే ఈ చికిత్స బాగా ఫలిస్తుంది. కింది దవడ నములుడు పళ్ల రెండు వేర్ల మధ్య ఒకవైపు మాత్రమే తెరుచుకున్న గుంతలలో కూడా మంచి ఫలితం ఉంటుంది. దవడ పొడవునా ఎముక సమంగా కుంగిపోయినచోట, వేర్ల మధ్య సందు ఈ వైపు నుంచి ఆ వైపుకు పూర్తిగా తెరుచుకున్న చోట ఎముకను తిరిగి పొందాలన్న ఆశ పెట్టుకోకూడదు. అక్కడ జబ్బును ఆపడమే లక్ష్యం.

ఫలితం రోగిని బట్టి కూడా మారుతుంది. పొగ తాగేవారిలో కొత్త ఎముక తక్కువగా వస్తుంది. చక్కెర అదుపులో లేనివారిలో గాయం సరిగా మానదు. పళ్లు శుభ్రంగా తోముకోనివారిలో వచ్చిన ఎముక కూడా మళ్లీ పోతుంది. అందుకే మంచి వైద్యుడు ముందుగా ఈ మూడింటినీ సరిచేయమంటాడు. ఆయన ఆలస్యం చేస్తున్నాడని అనుకోకూడదు.

ఆ రోజు ఏం జరుగుతుంది?

ఈ శస్త్రచికిత్సకు పూర్తి మత్తు అక్కరలేదు. పన్ను పీకేటప్పుడు ఇచ్చే సూదిమందే చాలు. సాధారణంగా గంట, రెండు గంటల్లో ముగుస్తుంది. చిగురును పుస్తకం పేజీలా నెమ్మదిగా తెరుస్తారు. గుంతలో నిండిన చెడు కణజాలాన్ని, వేరును అంటిన గారను తొలగిస్తారు. అప్పుడే గుంత ఆకారం కళ్లకు కనబడుతుంది. ఎక్స్‌రేలో ఊహించిన దానికన్నా భిన్నంగా ఉంటే అక్కడికక్కడే నిర్ణయం మారవచ్చు. తరువాత పొడి నింపి, అవసరమైతే పొర కప్పి, చిగురును మూసి కుట్లు వేస్తారు. అదేరోజు ఇంటికి వెళ్లవచ్చు.

ఒకటి రెండు వారాలకు కుట్లు తీస్తారు. అప్పటివరకు, డాక్టరు చెబితే ఆ తరువాత కూడా, ఆ చోట బ్రష్ పెట్టకూడదు. క్లోర్‌హెక్సిడిన్ ద్రావణంతో పుక్కిలించాలి. మెత్తని ఆహారం తినాలి. కొత్త ఎముక కంటికి కనిపించేలా గట్టిపడడానికి నెలలు పడుతుంది. ఆరు నెలల వరకు ఆ చోట పాకెట్ లోతును పరికరంతో కొలవరు. ఎక్స్‌రేలో ఫలితం తెలిసేది ఆరు నెలల నుంచి ఏడాదికి. ఓర్పు ఈ చికిత్సలో సగం మందు.

రమజాన్ నెలలో మందుల వేళలు, పుక్కిలింతలు, ఆహార నియమాలు కుదరడం కష్టం. అత్యవసరం కాని ఈ ఆపరేషన్‌ను రమజాన్‌కు నెల ముందుగానో, పండుగ తరువాతనో పెట్టుకోవడం మంచిది. శుద్ధి చికిత్సను మాత్రం వాయిదా వేయవద్దు.

ఆ పొడి ఎక్కడిది? ఆ పొర ఎక్కడిది?

ఇక అందరూ మనసులో అనుకొని అడగలేని ప్రశ్న. దవడలో వేసే పదార్థాలు ప్రధానంగా ఐదు రకాలు.

మొదటిది రోగి సొంత ఎముక. దవడలోనే మరోచోటి నుంచి కొద్దిగా గీకి తీసి వాడతారు. దానితోపాటు రోగి సొంత రక్తం నుంచి చేసే పీఆర్‌ఎఫ్ కూడా నేడు విరివిగా వాడుకలో ఉంది. కొద్దిపాటి రక్తాన్ని తీసి, యంత్రంలో పది పన్నెండు నిమిషాలు తిప్పితే మెత్తని గడ్డలాంటి ఫైబ్రిన్ పొర ఏర్పడుతుంది. 2001లో ఫ్రాన్స్‌కు చెందిన షుక్రూన్ దీనిని ప్రవేశపెట్టాడు. ఇందులో ఇతర పదార్థమేదీ కలపరు.

రెండవది దాతల ఎముక. దానం చేసిన మానవ ఎముకను శుద్ధి చేసి, ఆరబెట్టి పొడి చేస్తారు. ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి టిష్యూ బ్యాంకు 1988 నుంచి ఇటువంటి పదార్థాలను సిద్ధం చేస్తోంది.

మూడవది పశువుల ఎముక. దీనిలోని మాంసకృత్తులను, కొవ్వును తొలగించి, ఖనిజాన్ని మాత్రమే మిగులుస్తారు.

నాలుగవది కృత్రిమ పదార్థం. హైడ్రాక్సీ అపటైట్, ట్రైకాల్షియం ఫాస్ఫేట్, బయోయాక్టివ్ గ్లాస్ వంటివి ప్రయోగశాలలో తయారవుతాయి. ఇవి గుంతను బాగా నింపుతాయి. అయితే వేరుకు కొత్త నారపోగులను పట్టించే శక్తి వీటికి పరిమితం.

ఐదవది జంతువుల కొల్లాజెన్, ప్రొటీన్లు. పొరలు ఎక్కువగా కొల్లాజెన్‌తో చేసినవే. అది పశువులదైనా కావచ్చు, పందిదైనా కావచ్చు, చేపదైనా కావచ్చు. చేపల కొల్లాజెన్ పొరలు మన పొరుగున చెన్నైలోనే తయారవుతున్నాయి. ఇక 1990లలో స్వీడన్‌లో రూపొందిన ఎమ్‌డోగెయిన్ అనే జెల్‌ను పంది పిల్లల పంటి మొగ్గలలోని ఎనామెల్ ప్రొటీన్ల నుంచి తీస్తారు. దాని ప్రభావంపై మంచి ఆధారాలున్నాయి. దాని మూలం మాత్రం ఇది.

ఇక్కడ ఫత్వా ఇచ్చే అర్హత మాది కాదు. ఉలమా చర్చ ఎక్కడ నడిచిందో మాత్రం పాఠకుల ముందుంచుతాము. పందికి సంబంధించిన జెలటిన్‌ను ఆహారంలో వాడరాదని 1986లో అమ్మాన్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ తీర్మానించింది. ఒక పదార్థం తన మూల స్వభావాన్ని పూర్తిగా కోల్పోయి వేరొకటిగా మారితే దాని ఆదేశం కూడా మారుతుందన్న ఇస్తిహాలా సూత్రం ఆధారంగా, అలా మారిన జెలటిన్ పరిశుద్ధమేనని 1995లో కువైట్‌లో జరిగిన ఇస్లామీ వైద్యశాస్త్ర సంస్థ సదస్సు అభిప్రాయపడింది. ఇవి రెండూ జెలటిన్ గురించి చెప్పినవి. దవడలో వేసే ప్రొటీన్ జెల్‌లో ఆ మార్పు ఎంతవరకు జరిగిందన్నది ముఫ్తీ గారికి వివరంగా తెలిపి అడగవలసిన విషయం. ప్రాణం మీదకు వచ్చిన నిస్సహాయ స్థితిలో ఇచ్చిన సడలింపు దివ్యఖుర్ఆన్ బఖరా సూరా 173వ ఆయత్‌లో ఉన్నదే. కానీ ప్రత్యామ్నాయం అందుబాటులో ఉన్నప్పుడు నిస్సహాయత అన్న మాటకు తావుండదు. ఈ చికిత్సలో పంది మూలం తప్ప వేరే దారి లేదన్న పరిస్థితి అరుదు.

పశువుల ఎముక విషయంలో ఇబ్బంది తక్కువ. పందివి మినహా ఇతర జంతువుల ఎండిన ఎముకలు పరిశుద్ధమైనవేనన్నది హనఫీ ఫిఖ్హ్‌లో ప్రసిద్ధమైన అభిప్రాయం. మానవ ఎముకపై ఉలమాలో భిన్నాభిప్రాయాలున్నాయి. మీరు విశ్వసించే ఆలిమ్‌ను సంప్రదించండి.

పంటిని కాపాడుకోవడానికి ఇంత విచారణ ఎందుకని ఎవరైనా అనవచ్చు. మన ఫుఖహా ఈ విచారణను చిన్నచూపు చూడలేదు. కదిలే పళ్లను బంగారు తీగతో కట్టవచ్చా, వెండితోనే కట్టాలా అని హిజ్రీ రెండవ శతాబ్దంలోనే చర్చించారు. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) వెండితో చాలన్నారు. ఆయన శిష్యుడు ఇమామ్ ముహమ్మద్ (రహ్మ) బంగారంతోనూ తప్పులేదన్నారు. యుద్ధంలో ముక్కు కోల్పోయి వెండి ముక్కు పెట్టించుకుంటే దుర్వాసన వచ్చిన అర్‌ఫజా (రజి) అనే సహచరునికి, మగవారికి నిషిద్ధమైన బంగారంతో ముక్కు చేయించుకొమ్మని మహాప్రవక్త (స) సూచించిన సంఘటన దీనికి ఆధారం. పన్నును కట్టి నిలుపుకోవచ్చా అన్న విషయంలో వారిలో భేదం రాలేదు. దేనితో కట్టాలన్నదే ప్రశ్న అయింది. సోదరి అడిగిన ప్రశ్న కూడా అదే కోవకు చెందినది.

పీకించడమా, నిలుపుకోవడమా?

రెండవ ప్రశ్నకు ఇటలీలో జరిగిన ఒక పరీక్ష మంచి సమాధానం చెబుతుంది. కోర్టెల్లినీ, టొనెట్టీ తదితరులు 50 మంది రోగులను ఎంచుకున్నారు. అందరికీ కనీసం ఒక పంటి చుట్టూ వేరు కొస వరకు ఎముక పోయింది. మామూలుగా అయితే పీకేయమనే పళ్లు అవి. చీటీ వేసినట్లు 25 మందికి పన్ను పీకి కృత్రిమ దంతం అమర్చారు. మరో 25 మందికి పునరుత్పత్తి శస్త్రచికిత్స చేశారు. ఐదేళ్ల తరువాత చూస్తే ఆ 25 పళ్లలో 23 నిలిచి ఉన్నాయి. పదేళ్లకు 88 శాతం పళ్లు నిలిచాయి. కృత్రిమ దంతాలు అన్నీ నిలిచాయి. కానీ వాటికైన ఖర్చు ఎక్కువ. ఈ ఫలితాల వెనుక ఆరితేరిన చేతులు, క్రమం తప్పని పరీక్షలు, పళ్లను శ్రద్ధగా తోముకునే రోగులు ఉన్నారన్నది మరువరాదు.

దీని నుంచి మనం గ్రహించవలసింది ఇది. గుంత ఆకారం అనుకూలించి, రోగి తన వంతు బాధ్యత నెరవేరిస్తే, కదిలే పన్ను ఊడి తీరవలసిందేమీ కాదు. అయితే వేరు విరిగిన పంటిని, చుట్టూ ఎముక గోడలే మిగలని పంటిని పట్టుకొని వేలాడడం కూడా తెలివి కాదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోకుండా, ఏ పన్ను ఏ కోవకు చెందుతుందో ముందుగా తేల్చుకోవాలి. ఇద్దరు వైద్యుల అభిప్రాయం తీసుకోవడంలో తప్పులేదు.

దువ్వాడ, కూర్మన్నపాలెం, గాజువాక వాసులకు దగ్గరలోనే దంతవైద్యశాలలు ఎన్నో ఉన్నాయి. శుద్ధి చికిత్సకు అవి చాలు. ఎముక శస్త్రచికిత్సకు మాత్రం చిగుళ్ల వైద్యంలో, అంటే పీరియోడాంటిక్స్‌లో ఎండీఎస్ చేసిన నిపుణుని చూడడం మేలు. నగరానికి ఆ చివర రుషికొండలో గీతం దంత వైద్య కళాశాల, భీమునిపట్నం వైపు సంగివలసలో అనిల్ నీరుకొండ దంత వైద్య విజ్ఞాన సంస్థ ఉన్నాయి. బోధనాసుపత్రిలో వేచి ఉండే సమయం ఎక్కువైనా, ఆచార్యుల పర్యవేక్షణ ఉంటుంది. దువ్వాడ నుంచి అంత దూరం పలుమార్లు తిరగవలసి ఉంటుంది కనుక ఎన్నిసార్లు రావాలో, షిఫ్టుల ప్రకారం ఏ రోజులు కుదురుతాయో ముందే మాట్లాడుకోండి.

సంతకం పెట్టే ముందు

అనుమతి పత్రంపై సంతకం చేసే ముందు ఈ ప్రశ్నలను కాగితంపై రాసుకొని అడగండి.

శుద్ధి చికిత్స తరువాత పాకెట్ లోతు మళ్లీ కొలిచారా? ఇప్పుడు ఎన్ని మిల్లీమీటర్లు ఉంది?

గుంత నిలువుగా ఉందా, ఎముక సమంగా కుంగిందా? ఎన్ని గోడలు మిగిలాయి?

హెచ్‌బీఏ1సీ ఎంత ఉంటే ఆపరేషన్ చేస్తారు? గుండెకు, రక్తం పలుచబడడానికి వాడే మందుల సంగతి చెప్పామా?

వేసే పొడి పేరు ఏమిటి, పొర పేరు ఏమిటి? అవి దేని నుంచి తయారయ్యాయి? డబ్బాపై ఉన్న వివరం చూపగలరా? పంది మూలం కాకుండా ఏముంది?

పొడికి, పొరకు, కుట్లకు, తరువాతి పరీక్షలకు కలిపి మొత్తం ఖర్చు ఎంత?

ఆపరేషన్ తరువాత ఎన్ని నెలలకొకసారి రావాలి?

ఈ చివరి ప్రశ్నే అన్నింటికన్నా ముఖ్యం. పెరిగిన ఎముకను నిలబెట్టేది మూడు నెలలకొకసారి జరిగే పరీక్ష, ప్రతి రాత్రి ఇంట్లో జరిగే శుద్ధి. మిస్వాక్ పట్ల మహాప్రవక్త (స) ఎంతగా ప్రోత్సహించారో మనకు తెలుసు. మిస్వాక్ పంటి పైభాగాలను శుభ్రం చేస్తుంది. పళ్ల మధ్య సందులకు మాత్రం చిన్న ఇంటర్ డెంటల్ బ్రష్ కావాలి. రెండింటికీ విరోధం లేదు. పొగాకును మాత్రం ఆపరేషన్ రోజు నుంచి కాక, ఈ రోజు నుంచే మానాలి.

దువ్వాడ సోదరికి మా సలహా ఇది. ముందు ఆయన చక్కెరను అదుపులోకి తెచ్చుకోనివ్వండి, శుద్ధి చికిత్స పూర్తి చేయించండి, ఎనిమిది వారాల తరువాత పాకెట్లను మళ్లీ కొలిపించండి. ఆ అంకెలు చేతిలో పెట్టుకొని, పై ప్రశ్నలతో నిపుణుని ముందు కూర్చోండి. రెండు పళ్లలో ఒకటి నిలుస్తుందని, ఒకటి పోతుందని ఆయన చెప్పవచ్చు. అది ఓటమి కాదు. నిలిచేదాన్ని నిలుపుకోవడం, పోయేదాన్ని సమయానికి వదులుకోవడం, రెండూ చికిత్సలో భాగమే. శరీరం మనకు అల్లాహ్ అప్పగించిన అమానత్. దానిలోని చిన్న ఎముకను కూడా తెలిసి, విచారించి కాపాడుకునే సామర్థ్యాన్ని ఆయన మనందరికీ ప్రసాదించుగాక!